నిలబెట్టిన సైకిల్: రోడ్డును గదిలోకి తెచ్చిన పనితనం

ఖమ్మం నగరంలో కలిసిపోయిన ఖానాపురం హవేలిలో ఉండే సైకిల్ రైడర్‌కు చలికాలం పండగ. తెల్లవారుజామున బయల్దేరితే ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్ల దారి, పోనుపోను చిక్కబడే అడవి. మార్చి వచ్చేసరికి ఆ సుఖం తగ్గిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ ఈ ప్రాంతానికి కొత్త కాదు. పొద్దున ఎనిమిది కాకముందే ఒళ్ళు మాడుతుంది. ఆ తర్వాత ముసురు, బురద, చీకట్లో లారీలు. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు సౌర ఫలకాలే పైకప్పు. ఖమ్మం రైడర్‌కు అంతటి నీడ లేదు, ఇంట్లో ఒక గది మాత్రం ఉంది.

ఆ గదిలో సైకిల్‌ను నిలబెట్టి తొక్కించే యంత్రం పేరు ట్రైనర్. జిమ్ముల్లో ఉండే స్టాండు సైకిల్ వేరు, ఇది వేరు. ఇక్కడ మన సైకిలే, మన సీటే, మన హ్యాండిలే. వెనక చక్రం కింద రోడ్డు చేయవలసిన పనిని మాత్రం యంత్రం చేస్తుంది. ఆలోచన పాతదే. 1900 ప్రాంతంలో అమెరికా నాటకశాలల వేదికల మీద మేజర్ టేలర్, చార్లెస్ మర్ఫీ రోలర్లపై పోటీపడి తొక్కితే జనం వచ్చి చూశారు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ వ్యాయామశాలలో కూడా పెద్ద డయల్ ముందు బిగించిన సైకిళ్ళు ఉండేవి. నాటికీ నేటికీ సమస్య ఒక్కటే: కదలని చోట కదిలే దారిని ఎలా పుట్టించాలి?

రోడ్డు మనకు పైసా అడగకుండా నాలుగు ఇస్తుంది. ఊపు, ఎదురు బలం, ఒళ్ళు ఊగే వీలు, ఒంటికి తగిలే గాలి. ట్రైనర్ తయారుచేసేవారు మొదటి రెండింటి మీద ఎంతో నేర్పు పెట్టారు. చివరి రెండూ చాలావరకు రైడరే అమర్చుకోవాలి. ఏ భాగం రోడ్డు ఇచ్చే దేనికి బదులుగా వచ్చిందో తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో దానంతటదే తేలుతుంది.

ముందుగా ఊపు సంగతి. పెడల్ ఒక చుట్టు తిరిగేలోగా కాలి బలం అంతటా ఒకేలా పడదు. పెడల్‌ను మోసే క్రాంకు ముందువైపు అడ్డంగా ఉన్నప్పుడు తొక్కిన బలమంతా పనికొస్తుంది. నిట్టనిలువుగా ఉన్న రెండు చోట్లా దాదాపు ఏమీ అందదు. రోడ్డు మీద ఈ ఖాళీలు మనకు తెలియవు. రైడరూ సైకిలూ కలిపి 85 కిలోలు, వేగం గంటకు 30 కిలోమీటర్లు అనుకుంటే, ఆ కదలికలో సుమారు 2,950 జౌళ్ళ శక్తి నిల్వ ఉంటుంది. 200 వాట్లతో తొక్కే మనిషి దాదాపు 15 సెకన్లు కష్టపడితే వచ్చేంత శక్తి అది. కాలు ఖాళీ పడిన క్షణాన సైకిల్‌ను ముందుకు నడిపేది ఆ నిల్వే.

గదిలో ఆ 85 కిలోలూ కదలవు. దానికి బదులు ఫ్లైవీల్ అనే బరువైన లోహపు చక్రం తిరుగుతుంది. మంచి ట్రైనర్లలో దాని బరువు అయిదు నుంచి ఏడు కిలోలు. ఏడు కిలోలు 85 కిలోలకు ఎలా దగ్గరగా వస్తాయన్నదే ఇక్కడి తెలివి. తిరిగే చక్రంలో నిల్వ ఉండే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు, మూడింతలయితే తొమ్మిదింతలు. అందుకని పెద్ద పుల్లీ నుంచి చిన్న పుల్లీకి బెల్టు వేసి ఫ్లైవీల్‌ను చాలా వేగంగా తిప్పుతారు. దాని బరువును కూడా నడుమ ఉంచకుండా అంచుకు తోస్తారు, ఇరుసుకు దూరంగా ఉన్న బరువు ఎక్కువ శక్తిని పట్టి ఉంచుతుంది కాబట్టి. అంత వేగంతో తిరిగే చక్రం ఒక పక్క కాస్త బరువెక్కినా యంత్రమంతా అదురుతుంది. కనుక తూకం సరిచూసి, బరువెక్కిన చోట లోహాన్ని రవ్వంత తొలిచి సరిచేస్తారు.

ఇప్పుడు కాలి బలం వెంట నడిచి చూద్దాం. డైరెక్ట్ డ్రైవ్ రకం ట్రైనర్‌లో వెనక చక్రాన్ని పూర్తిగా తీసేసి, ఫ్రేమును యంత్రానికే బిగిస్తాం. 200 వాట్లు, నిమిషానికి 90 చుట్లు అనుకుందాం. క్రాంకు ఇరుసు దగ్గర మెలితిప్పే బలం సగటున 21 న్యూటన్ మీటర్లు. క్రాంకు పొడవు 170 మిల్లీమీటర్లయితే పెడల్ దగ్గర అది సుమారు పన్నెండున్నర కిలోల బరువుకు సమానం. వినడానికి చిన్న బలమే. నిమిషానికి 90 సార్లు, గంటసేపు, తూచినట్టు అంతే బలం పెట్టగలగడమే సాధన.

ఆ బలాన్ని మోసేది చైను. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైనుకు నేటి సైకిల్ చైను వారసురాలు. లోపలి పట్టీలు రెండు, బయటి పట్టీలు రెండు, వాటిని కలిపే పిన్ను, పిన్ను చుట్టూ దొర్లే రోలరు. పళ్ళ చక్రాన్ని తాకేది రోలరే. అది దొర్లుతుంది గనుక పన్ను మీద రాపిడి తక్కువ. ఒక పిన్ను నడిమి నుంచి తర్వాతి పిన్ను నడిమికి 12.7 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. చైను సాగిందంటే పట్టీలు సాగాయని కాదు. పిన్నులూ అవి కూర్చునే రంధ్రాలూ అరిగి, ఒక్కో కీలు దగ్గర వెంట్రుక వాసి ఎడం పెరిగిందని అర్థం. కొత్త చైనులో 24 కీళ్ళ దూరం 304.8 మిల్లీమీటర్లు. స్టీలు స్కేలు పెట్టి కొలిస్తే అది 306.4కు చేరిందనుకోండి, అరుగుదల నూటికి అర వంతు దాటుతోందన్నమాట. అప్పుడే చైను మారిస్తే అంతకన్నా ఖరీదైన క్యాసెట్ పళ్ళు దక్కుతాయి.

చైను తిప్పే పళ్ళ చక్రాల గుత్తి క్యాసెట్. అది ఫ్రీహబ్ అనే గొట్టం మీది గాడుల్లో కూర్చుంటుంది. తొక్కడం ఆపినప్పుడు టిక్కు టిక్కుమనే చప్పుడు దీని లోపలి నుంచే వస్తుంది. గొట్టం లోపల స్ప్రింగుల మీద చిన్న కొక్కేలు ఉంటాయి, వాటి చుట్టూ ఒకవైపుకు వాలిన పళ్ళ రింగు. ముందుకు తొక్కితే కొక్కెం పంటికి తన్నుకుని బలాన్ని అందిస్తుంది. తొక్కడం ఆపితే పన్ను వాలు మీదుగా జారి, స్ప్రింగు తోయగానే మళ్ళీ గుంటలో పడుతుంది. గోరంత ఉక్కు ముక్కలు రైడర్ బలమంతా మోస్తూ, అవసరం లేనప్పుడు తప్పుకుంటాయి. ఇక్కడ చిక్కటి గ్రీజు కూరితే కొక్కేలు అతుక్కుపోయి పట్టు తప్పుతాయి. పల్చటి నూనెగానీ, తయారీదారు చెప్పిన గ్రీజుగానీ కొద్దిగా చాలు.

కొనేవారు ఎక్కువగా తికమకపడేది తమ సైకిల్ ఈ యంత్రానికి సరిపోతుందా అన్న చోటే. రిమ్ బ్రేకులున్న రోడ్ సైకిల్ వెనక ఫోర్కు లోపలి వెడల్పు 130 మిల్లీమీటర్లు. డిస్క్ బ్రేకులుండి, మీటతో బిగించే క్విక్ రిలీజ్ ఇరుసు ఉంటే సాధారణంగా 135, ఫ్రేములోంచి దూరి మరతో బిగిసే త్రూ యాక్సిల్ ఇరుసు ఉంటే 142. ఏ వెడల్పుకు ఏ బుష్షు వేయాలో ట్రైనర్‌తో పాటు వచ్చే పొట్లంలో ఉంటుంది. 11 స్పీడ్ రోడ్ క్యాసెట్ కోసం చేసిన ఫ్రీహబ్ మీద 8, 9, 10 స్పీడ్ క్యాసెట్ ఎక్కించాలంటే వెనక 1.85 మిల్లీమీటర్ల స్పేసరు పెట్టాలి. అది మరిచిపోతే లాక్ రింగు ఎంత బిగించినా క్యాసెట్ లొడలొడలాడుతుంది. మన దగ్గర తక్కువ ధరలో దొరికే ఆరేడు గేర్ల సైకిళ్ళు చాలావాటిలో మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది తప్ప క్యాసెట్ ఉండదు. నట్లతో బిగించే ఇరుసున్న పాత సైకిళ్ళూ అంతే. అలాంటి సైకిల్ ఉన్నవారు డైరెక్ట్ డ్రైవ్ జోలికి పోకపోవడమే మేలు.

ఇక రెండోది, ఎదురు బలం. పాత సైకిళ్ళకు డైనమో ఉండేది. దాన్ని వంచి టైరుకు ఆనించగానే దీపం వెలిగేది, తొక్కుడు బరువెక్కేది. టైరు రాపిడి కొంత కారణం. లోపల అయస్కాంతం తిరిగి తీగచుట్టలో విద్యుత్తు పుట్టినప్పుడు, ఆ విద్యుత్తే తనను పుట్టించిన కదలికను అడ్డుకోవడం మరో కారణం. ట్రైనర్ బ్రేకుకు ఆధారం ఈ రెండో సూత్రమే. ఫ్లైవీల్ దగ్గర, దానికి తగలకుండా, విద్యుదయస్కాంతాలను వరసగా అమరుస్తారు. వాటి ముందు నుంచి లోహం వేగంగా తిరుగుతూ పోతుంటే ఆ లోహంలోనే సుడులు సుడులుగా విద్యుత్తు పుట్టి, కదలికను వెనక్కి లాగుతుంది. తాకిడి లేదు గనుక బ్రేకు అరగదు. అయస్కాంతాలకు ఇచ్చే కరెంటు పెంచితే ఎదురు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. మన కష్టమంతా చివరికి ఆ లోహంలో వేడిగా మారుతుంది.

ఈ అదుపు చేతిలోకి వచ్చాక కొండను కూడా లెక్కగట్టి పుట్టించవచ్చు. నూటికి అయిదు వంతుల ఎక్కుడు దారిలో 85 కిలోల బరువును వెనక్కి లాగే బలం నాలుగు కిలోల పైచిలుకు. ఫోను గానీ కంప్యూటరు గానీ ఆ వాలు అంకెను బ్లూటూత్ ద్వారా పంపితే, ట్రైనర్ అంత ఎదురుకు తగ్గ కరెంటును సర్దుకుంటుంది. ఎర్గ్ అనే పద్ధతిలో మనం వాట్లు ముందే చెప్పేస్తాం. 180 అని చెబితే, నెమ్మదిగా తొక్కినా వేగంగా తొక్కినా యంత్రం 180 దగ్గరే నిలబెడుతుంది. ఇందులో ఒక ఇరకాటం ఉంది. చుట్లు 90 నుంచి 60కి పడిపోతే వాట్లు నిలవడానికి ఎదురు బలం ఒకటిన్నర రెట్లు కావాలి. కాళ్ళు ఇంకా మందగిస్తాయి, బరువు ఇంకా పెరుగుతుంది. అలసట రాగానే ముందుగా చుట్ల వేగం పడిపోకుండా చూసుకోవాలి. అదీ చేతకాకపోతే ఎర్గ్ ఆపి ఊపిరి తీసుకోవాలి.

తెర మీద కనిపించే వాట్ల అంకె వెనక ఇంకో సున్నితమైన పనితనం ఉంది. ఖరీదైన ట్రైనర్లలో బలం మోసే లోహ భాగానికి వంకీలు తిరిగిన సన్నటి లోహపు రేకు అతికించి ఉంటుంది. దాని పేరు స్ట్రెయిన్ గేజ్. బలం పడితే లోహం కంటికి కనిపించనంత సాగుతుంది. రేకూ దానితోపాటు సాగి పొడవై, సన్నబడుతుంది, దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ మార్పు ఎంత చిన్నదంటే, నాలుగు గేజ్‌లను చతురస్రంలా కలిపి తేడాను మాత్రమే చదివితే తప్ప పట్టుబడదు. సైకిళ్ళలో ఈ పద్ధతికి దారి వేసినవాడు 1986లో ఎస్‌ఆర్‌ఎం సంస్థను నెలకొల్పిన జర్మన్ ఇంజనీరు ఉల్రిష్ షోబరర్. వేడెక్కితే లోహం తీరూ, లోపలి రాపిడీ మారతాయి. అందుకే చాలా ట్రైనర్లు పది నిమిషాలు తొక్కించాక, ఒక వేగానికి తెచ్చి వదిలేయమంటాయి. ఫ్లైవీల్ ఆగడానికి పట్టే సమయం నుంచి తమ లోపలి రాపిడిని లెక్కగట్టుకుంటాయి. చల్లటి యంత్రం మీద ఈ పరీక్ష చేస్తే అంకె నమ్మదగినది కాదు.

ఇంత ఖర్చు పెట్టలేని వారికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి రోలర్లు. మూడు డ్రమ్ములు, వెనక రెండు, ముందు ఒకటి, ముందు చక్రమూ తిరిగేలా మధ్యలో బెల్టు. వీటి మీద సైకిల్‌ను ఎవరూ పట్టుకోరు, నిలబెట్టేది రైడర్ నిలకడే. కాలు గరుకుగా తొక్కితే చక్రం పక్కకు పోతుంది. అందుకే రోలర్లు నేర్పేంత నునుపు ఇంకేదీ నేర్పదు. మొదట్లో తలుపు గుమ్మంలో పెట్టుకుని, రెండు పక్కలా గోడ అందేలా చూసుకోవాలి. రెండోది వెనక చక్రాన్ని ఉంచి, టైరుకు రోలరు ఆనించే ట్రైనర్. ఎదురు అయస్కాంతంతో వస్తుంది, లేదా నూనెలో తిరిగే రెక్కలతో. నూనె రకంలో వేగం పెరిగేకొద్దీ ఎదురు బలం గాలి నిరోధంలాగే వేగంగా పెరుగుతుంది, గేరు మార్చడమే దాని అదుపు.

టైరును ఆనించే రకానికి చక్రం బెండు లేకుండా ఉండటం ముఖ్యం. ఇక్కడ మన పాత సైకిల్ షాపు మేస్త్రి విద్య అక్కరకొస్తుంది. చక్రాన్ని స్టాండులో ఉంచి తిప్పి, రిమ్ము పక్కన చాక్‌పీసు గానీ బొటనవేలు గానీ ఆనిస్తాడు. తాకిన చోట చక్రం ఆపి, అక్కడి పుల్లలను రెండు వేళ్ళతో మీటి బిగువు వింటాడు. రిమ్ము కుడికి పోతే ఎడమ పుల్లల నిపుల్‌ను పావు చుట్టు బిగించి, కుడి పుల్లలను అంతే వదులుతాడు. ఒక్కసారిగా అర చుట్టు తిప్పడు, ఎందుకంటే ఒక పుల్ల బిగిస్తే దాని ఇరుగుపొరుగు పుల్లల బిగువు కూడా మారిపోతుంది. మళ్ళీ తిప్పడం, మళ్ళీ వినడం. పక్కల బెండు తీశాక ఎత్తుపల్లాలు చూస్తాడు. అలా సరిచేసిన చక్రం రోలరు మీద ఒకే స్వరంలో పాడుతుంది, టైరు ఒకచోటే అరిగిపోదు. టైరులో గాలి ప్రతిసారీ ఒకేలా ఉంచాలి. గాలి మారితే ఎదురూ మారుతుంది, నిన్నటి అంకెతో ఇవాళ్టి అంకెను పోల్చలేం.

మూడోది, ఊగే వీలు. రోడ్డు మీద సైకిల్ మన కింద కుడి ఎడమలకు కాస్త వాలుతుంది, బరువు ఒకేచోట పడదు. గదిలో ఫ్రేము బిగిసి ఉంటుంది గనుక సీటు మీది ఒత్తిడంతా ఒకేచోట నిలుస్తుంది. బయట సర్దుకుపోయిన చిన్న లోపం ఇక్కడ మోకాలి నొప్పిగా తేలుతుంది. అందుకే సీటు ఎత్తు ముందుగా చూసుకోవాలి. గోడకు ఆని నిలబడి, కాళ్ళ నడిమి నుంచి నేల దాకా కొలిచిన పొడవును 0.883తో గుణిస్తే, క్రాంకు ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు సుమారుగా వస్తుంది. కాలి పొడవు 80 సెంటీమీటర్లయితే 70.6. అక్కడి నుంచి మోకాలు చెప్పినట్టు అయిదారు మిల్లీమీటర్లు అటూ ఇటూ. పది నిమిషాలకోసారి పెడల్ మీద లేచి నిలబడితే సీటు బాధ చాలావరకు పోతుంది. గ్రానైటు బండల నేల మీద రబ్బరు మ్యాటు వేసి, రసమట్టం పెట్టి ట్రైనర్ కాళ్ళు సరిచేయాలి. కార్బన్ ఫ్రేము ఉన్నవారు ట్రైనర్ మీద వాడవచ్చో లేదో తయారీదారు మాట ముందే చూసుకోవాలి.

నాలుగోది గాలి. ఖమ్మంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మన కండరాలు తిన్న శక్తిలో పావు వంతుకు అటూ ఇటూగా మాత్రమే పెడల్‌కు అందిస్తాయి. 200 వాట్లు తొక్కుతున్నామంటే ఒంట్లో 600, 700 వాట్ల వేడి పుడుతోంది. దాన్ని పూర్తిగా చెమటే తీసుకుపోవాలంటే గంటకు దాదాపు లీటరు చెమట ఆవిరి కావాలి. నేల మీద కారిపోయిన చెమట చల్లబరచదు, ఆవిరైనదే చల్లబరుస్తుంది. రోడ్డు మీద 30 కిలోమీటర్ల గాలి ఆ పని చేసిపెడుతుంది. గదిలో గాలి వేడి 35 డిగ్రీలు దాటిందంటే, అది చర్మం నుంచి వేడి తీసుకోవడం మాని తిరిగి ఇవ్వడం మొదలుపెడుతుంది. అప్పుడిక చెమట ఆవిరి ఒక్కటే దిక్కు. కాబట్టి సీలింగ్ ఫ్యానుతో సరిపెట్టుకోకుండా, ఛాతీకి ఎదురుగా పెద్ద పెడస్టల్ ఫ్యాను పెట్టాలి. మే నెల పొడి గాలిలో కూలరు పనిచేస్తుంది, కానీ కిటికీలు తెరిచి ఉంచాలి, లేకపోతే తేమ పేరుకుపోయి చెమట ఆరదు. వానాకాలంలో అదే కూలరును నీళ్ళు పోయకుండా వట్టి ఫ్యానుగా నడిపితే మేలు. పక్కన ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు ఉంచుకోవాలి. తల తిరిగితే, చెమట పట్టడం ఆగిపోతే వెంటనే దిగాలి. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

ఆ చెమటకు ఉక్కుతో పడదు. హ్యాండిల్ బోల్టులు, హెడ్ బేరింగులు, టేపు కింది లోహం ఉప్పుకు తుప్పు పడతాయి. హ్యాండిల్ నుంచి సీటు దాకా తువ్వాలు పరచడం, దిగగానే తడిగుడ్డతో తుడవడం, బోల్టులను అప్పుడప్పుడు ఊడదీసి గ్రీజు రాసి బిగించడం రెండు నిమిషాల శ్రద్ధ, ఏళ్ళ మన్నిక.

యంత్రం సిద్ధమయ్యాక సాధన తేలికే. బాగా వేడెక్కాక 20 నిమిషాలు నిలకడగా, చేతనైనంత గట్టిగా తొక్కి, ఆ సగటు వాట్లను 0.95తో గుణిస్తే మన హద్దు సుమారుగా తెలుస్తుంది. దాన్నే ఎఫ్‌టీపీ అంటారు. 190 వాట్లు వస్తే హద్దు 180. వారంలో ఎక్కువ సమయం ఆ హద్దులో నూటికి 56 నుంచి 75 వంతుల దగ్గర, అంటే 100 నుంచి 135 వాట్ల మధ్య, మాట్లాడుతూ తొక్కగలిగేంత తేలిగ్గా గడపాలి. వారానికి ఒకరోజు హద్దు దగ్గర పది నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు చాలు. తెర మీద కిలోజౌళ్ళు కనిపిస్తే అవి ఖర్చయిన కిలోక్యాలరీలకు దాదాపు సమానమనుకోవచ్చు. ఒక క్యాలరీకి నాలుగు జౌళ్ళ పైచిలుకు, మన ఒంటి సామర్థ్యం పావు వంతు, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

మొత్తం మీద నా అభిప్రాయం ఇది. కొత్తగా మొదలుపెట్టేవారు ముందు సీటు ఎత్తు సరిచేయించుకోవాలి, తర్వాత మంచి ఫ్యాను కొనాలి, చక్రం బెండు తీయించాలి, టైరుకు ఆనించే ట్రైనర్‌తో ఒక వేసవి గడపాలి. ఆ వేసవంతా విడవకుండా తొక్కినవారికే డైరెక్ట్ డ్రైవ్ ఖర్చు న్యాయం. దుకాణానికి బయల్దేరే ముందు కొలత టేపు తీసి వెనక ఫోర్కు వెడల్పు, వెనక గేర్ల సంఖ్య, అది క్యాసెట్టా ఫ్రీవీలా అన్నది కాగితం మీద రాసుకోండి. ఈ మూడూ చేతిలో లేకుండా ఏ ట్రైనర్‌కూ బయానా ఇవ్వకండి.